పీహెచ్‌సీకి (ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి) వచ్చే పెద్దల్లో సీకేడీ (దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు) ఎంత శాతం? లెక్క ఎక్కడ తప్పుతుంది, ఎలా కట్టాలి

మీరు అడిగింది ఇది: "మా పీహెచ్‌సీలో గత ఏడాది 640 మందికి సీరం క్రియాటినిన్ చేశాం. 148 మందికి 1.2 దాటింది. అంటే మా దగ్గరికి వచ్చేవాళ్ళలో 23 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టేనా? జిల్లాకి పంపే నివేదికలో ఇలాగే రాయొచ్చా?"

రాయకండి డాక్టర్ గారూ. ఆ 23 శాతం సీకేడీ శాతం కాదు. మీరు అనుమానించి రక్తం తీయించిన వాళ్ళలో, ఆ ఒక్కరోజు, ల్యాబ్ గీసిన గీత దాటిన వాళ్ళ శాతం అది. అసలు శాతం కావాలంటే నాలుగు పనులు జరగాలి: పీహెచ్‌సీకి వచ్చే పెద్దలందరి నుంచీ ఒక పద్ధతి ప్రకారం మనుషుల్ని ఎంచాలి. వాళ్ళకి క్రియాటినిన్‌తో (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం రక్తంలో ఎంతుందో చూసే పరీక్ష) పాటు యూరిన్ అల్బుమిన్-క్రియాటినిన్ రేషియో (ఏసీఆర్, అంటే మూత్రంలో పోయే అల్బుమిన్ ప్రొటీన్‌ని కొలిచే పరీక్ష) కూడా చేయాలి. తేడా ఉన్నవాళ్ళకి 90 రోజులు దాటాక మళ్ళీ చేయాలి. వచ్చిన శాతాన్ని ఒంటరిగా కాకుండా, ఎంత నుంచి ఎంత దాకా అనే పరిధితో రాయాలి. దాదాపు 500 మందితో, ఆరు నెలల్లో ఇది పూర్తవుతుంది.

ఇక ఒక్కొక్కటీ ఎందుకో చెప్తాను. అన్నిటికంటే ఎక్కువ తప్పు జరిగేది హారంలో. అందుకే అక్కడ మొదలుపెడతాను.

హారంలో ఎవరున్నారు?

మీ 640 మందిలో ఎక్కువమంది షుగర్ వాళ్ళో, బీపీ వాళ్ళో, కాళ్ళవాపుతో వచ్చినవాళ్ళో అయి ఉంటారు. జలుబుకి వచ్చిన పాతికేళ్ళ కుర్రాడికి మీరు క్రియాటినిన్ రాయరు, రాయనక్కర్లేదు కూడా. కానీ "మా దగ్గరికి వచ్చేవాళ్ళు" అన్నప్పుడు ఆ కుర్రాడూ లెక్కలోకి వస్తాడు. ఈ ఇబ్బంది మనకే కాదు. ఇంగ్లండ్‌లో ప్రాథమిక వైద్యుల కంప్యూటర్ రికార్డుల మీద ఒక పెద్ద అధ్యయనం 2007లో వెలువడింది. అందులో దాదాపు 1,30,000 మంది పెద్దలుంటే, పనికొచ్చే క్రియాటినిన్ ఫలితం 38,000 మంది చిల్లరకే ఉంది. అంటే పదిమందిలో ముగ్గురికే. వయసు సర్దుబాటు చేశాక వాళ్ళు మూడో దశ (కిడ్నీ పనితనపు అంకె 60 కంటే తగ్గిన దశ), ఆపైన ఉన్నవాళ్ళని 8.5 శాతంగా తేల్చారు: ఆడవాళ్ళలో 10.6, మగవాళ్ళలో 5.8. రికార్డులు అంత పక్కాగా ఉన్నచోట కూడా, పరీక్ష చేయించుకోని మిగతా ఏడుగురి సంగతి ఏమిటన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

"సరే, ఓపీలో ప్రతి ఆరో మనిషికీ పరీక్ష చేస్తాను" అంటారు. మంచిదే. కానీ ఇక్కడ ఇంకో గుంట ఉంది, చాలామంది ఇందులో పడతారు. ఓపీ లైన్లో నిలబడేవి సందర్శనలు, మనుషులు కారు. నెలనెలా మాత్రల కోసం వచ్చే షుగర్ పేషెంటు ఏడాదికి 12 సార్లు లైన్లో ఉంటాడు. జ్వరానికి వచ్చేవాడు రెండుసార్లు ఉంటాడు. మీ చేతికి దొరికే అవకాశం మొదటివాడికి ఆరు రెట్లు.

అంకెలతో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మీ పీహెచ్‌సీని వాడుకునే పెద్దలు 1000 మంది అనుకోండి. అందులో 200 మంది షుగర్-బీపీ వాళ్ళు, ఏడాదికి 12 సార్లు వస్తారు. మిగతా 800 మంది రెండేసి సార్లు వస్తారు. మొదటి గుంపులో సీకేడీ 25 శాతం, రెండో గుంపులో 5 శాతం అనుకుందాం. మనుషుల లెక్కలో 50 మంది, 40 మంది కలిసి 90 మంది, అంటే 9 శాతం. ఇప్పుడు సందర్శనలు చూడండి: 2400, 1600. లైన్లో నూటికి 60 మంది షుగర్-బీపీ వాళ్ళే. ప్రతి ఆరో మనిషినీ పట్టుకుంటే మీకు 17 శాతం కనిపిస్తుంది. పరీక్షలో ఏ తప్పూ లేదు, ల్యాబ్ తప్పూ లేదు. అయినా జవాబు దాదాపు రెట్టింపైంది.

దీనికి రెండు దారులున్నాయి.

మొదటిది జాబితా దారి. గత 12 నెలల ఓపీ రిజిస్టర్ తీసి, ఒకే మనిషి పేరు పదిసార్లున్నా ఒకసారే ఉంచి, 18 ఏళ్ళు దాటినవాళ్ళ జాబితా చేయండి. అందులోంచి లాటరీ పద్ధతిలో పేర్లు తీసి, ఆశా కార్యకర్త ద్వారా కబురు పెట్టి పిలిపించండి. రిజిస్టర్లో ఒకే మనిషి "అప్పలనర్సమ్మ", "నరసమ్మ", "ఎ. నర్సమ్మ" అని మూడు రకాలుగా ఉండొచ్చు. అందుకే పేరొక్కటే చూడకుండా ఊరు, వయసు, ఫోన్ నంబర్ కలిపి సరిచూడాలి. విసుగైన పనే, కానీ ఇదే గట్టి దారి.

రెండోది లైన్ దారి. 18 ఏళ్ళు దాటినవాళ్ళలో ప్రతి ఆరో మనిషినీ తీసుకోండి. మొదటి మనిషి ఎవరన్నది ఒకటి నుంచి ఆరు లోపు చీటీ తీసి నిర్ణయించండి. ఆ తర్వాత ప్రతి ఒక్కరినీ ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "గత ఏడాదిలో ఇక్కడికి ఎన్నిసార్లు వచ్చారు?" 12 సార్లు వచ్చానన్న మనిషికి లెక్కలో పన్నెండో వంతు బరువు ఇవ్వాలి, రెండుసార్లు వచ్చినవాడికి సగం. పై ఉదాహరణలో 400 మందిని లైన్లోంచి తీస్తే 240 మంది షుగర్-బీపీ వాళ్ళు, 160 మంది ఇతరులు వస్తారు. 240లో జబ్బున్న 60 మందిని 12తో భాగిస్తే 5. 160లో జబ్బున్న 8 మందిని 2తో భాగిస్తే 4. మొత్తం బరువు 20, 80 కలిసి 100. తొమ్మిది బై వంద, మళ్ళీ అదే 9 శాతం. కానీ దీనికో ఖరీదుంది: బరువులు ఇంత ఎగుడుదిగుడుగా ఉంటే ఆ 400 మంది ఇచ్చే కచ్చితత్వం 240 మందితో సమానం.

ఏ దారైనా వారంలో అన్ని రోజుల్లోనూ శాంపిల్ పడాలి. ఎన్‌సీడీ (షుగర్, బీపీ లాంటి జబ్బుల) క్లినిక్ రోజున మాత్రమే తీస్తే శాతం పెరుగుతుంది, సంత రోజున మాత్రమే తీస్తే తగ్గుతుంది. ఇంకొకటి, మాత్రల కోసం కొడుకో కోడలో వచ్చి, పేషెంటు ఇంట్లోనే ఉండిపోయే సందర్భాలు చాలా ఉంటాయి. ఆ చీటీ మీ వంతు శాంపిల్లో పడితే ఇంటికి వెళ్ళైనా రక్తం తీయాలి. కదల్లేనివాళ్ళలోనే జబ్బు ఎక్కువ.

డయాలసిస్‌లో ఉన్నవాళ్ళు మీ ఓపీకి దాదాపు రారు. మీ ప్రశ్న "పీహెచ్‌సీకి వచ్చేవాళ్ళలో" అయితే పర్లేదు. "మా మండలంలో" అని రాయబోతుంటే మాత్రం వాళ్ళ పేర్లు ఊరూరా అడిగి కలపాలి.

1.2 అనే గీత ఎందుకు పనికిరాదు

ల్యాబ్ చీటీలో "0.6–1.2 నార్మల్" అని ఉంటుంది. ఆ గీతకి వయసు తెలియదు, ఆడా మగా తెలియదు. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీలు నిమిషానికి ఎంత వడపోస్తున్నాయన్న అంచనా) కట్టాల్సిందే. ఇప్పుడు వాడుకలో ఉన్నది సీకేడీ-ఎపి 2021 సూత్రం. క్రియాటినిన్‌ని ఆడవాళ్ళకైతే 0.7తో, మగవాళ్ళకైతే 0.9తో భాగించండి. వచ్చింది 1 కంటే ఎక్కువైతే దాన్ని మైనస్ 1.2 ఘాతానికి పెంచండి. తక్కువైతే ఆడవాళ్ళకి మైనస్ 0.241, మగవాళ్ళకి మైనస్ 0.302 ఘాతం. దాన్ని 142తో, తర్వాత 0.9938ని వయసెంతో అన్నిసార్లు గుణిస్తే వచ్చే అంకెతో గుణించండి. ఆడవాళ్ళకి చివర్లో 1.012తో కూడా గుణించాలి. ఎక్సెల్‌లో ఒకసారి రాసుకుంటే చాలు.

క్రియాటినిన్ సరిగ్గా 1.2 ఉన్న ఇద్దర్ని చూడండి. 30 ఏళ్ళ మగమనిషికి ఈజీఎఫ్‌ఆర్ 83 వస్తుంది. 60 ఏళ్ళ ఆడమనిషికి 52. ఒకే చీటీ, ఒకే అంకె. ఒకరి కిడ్నీ పనితనంలో లోటు కనిపించదు, ఇంకొకరు మూడో దశలో ఉన్నారు. మీ 148 మందిలో ఉత్తపుణ్యానికి చేరిన మగవాళ్ళు ఉంటారు. అంతకంటే బాధపడాల్సింది, "నార్మల్" అని పంపేసిన 492 మందిలో మిగిలిపోయిన పెద్దవయసు ఆడవాళ్ళ గురించి.

ఇప్పుడు అదే అరవయ్యేళ్ళ ఆవిడకి 0.1 తేడా ఏం చేస్తుందో చూడండి. 1.0 అయితే ఈజీఎఫ్‌ఆర్ 64.5, 1.1 అయితే 57.5. సీకేడీ గీత 60 దగ్గర ఉంది. అంటే ల్యాబ్ 0.1 ఎక్కువ చూపిస్తే చాలు, ఆ వయసు ఆడవాళ్ళు గుంపులు గుంపులుగా సీకేడీ లెక్కలోకి వచ్చేస్తారు. అందుకని ల్యాబ్‌ని మూడు విషయాలు అడగండి:

- పద్ధతి జాఫేనా, ఎంజైమాటికా? జాఫే చవక, ఎక్కువచోట్ల అదే. షుగర్ బాగా ఎక్కువగా ఉన్నా, కీటోన్లు ఉన్నా, కొన్ని సెఫలోస్పోరిన్ మందులు పడినా అది ఎక్కువ చూపిస్తుంది. కామెర్లుంటే తక్కువ చూపించొచ్చు.
- క్యాలిబ్రేటర్ (మెషీన్ కొలతని సరిచేసే ద్రావణం) ఐడీఎంఎస్ అనే అంతర్జాతీయ ప్రమాణానికి తగ్గదేనా? రీఏజెంట్ పెట్టె మీద ఉంటుంది, చదివి చెప్పమనండి.
- ఫలితం రెండు దశాంశ స్థానాలకి ఇస్తారా? 1.04 అయినా 0.96 అయినా 1.0 అని రౌండ్ చేసి ఇచ్చే ల్యాబ్‌తో ఈ పని చేయొద్దు.

వీలైతే 20–30 శాంపిళ్ళని రెండు భాగాలు చేసి, ఒక భాగం ఎంజైమాటిక్ పద్ధతి ఉన్న ల్యాబ్‌కి పంపండి. సగటు తేడా ఎంతో అప్పుడే తెలుస్తుంది. తెలంగాణలో పీహెచ్‌సీ శాంపిళ్ళు జిల్లా టీ-డయాగ్నస్టిక్స్ హబ్‌కి వెళ్తాయి కాబట్టి మెషీన్ ఒకటే ఉండటం మేలే. అయితే ప్రయాణం ఎక్కువ. రక్తం గడ్డకట్టాక సీరం వేరుచేసి, చల్లగా పంపండి. గడ్డతోనే ట్యూబు సాయంత్రందాకా ఎండలో బైక్ మీద తిరిగితే ఆ ఫలితాన్ని నమ్మలేం.

మనిషి వైపు నుంచి కూడా కొన్ని ఉన్నాయి. వండిన మాంసం తింటే క్రియాటినిన్ కొన్ని గంటలపాటు పెరుగుతుంది. ఆదివారం రాత్రి మాంసం తిని సోమవారం పొద్దున్నే వచ్చిన వాళ్ళ శాంపిల్ అలాంటిదే. ముందురోజు సాయంత్రం నుంచి మాంసం వద్దని చెప్పండి. ఏప్రిల్, మే నెలల్లో పొలంలోనో ఉపాధి పనిలోనో ఎండలో ఉండి వచ్చినవాళ్ళకి నీళ్ళు తగ్గి పెరుగుతుంది. ఒళ్ళునొప్పులకి ఆర్‌ఎంపీ దగ్గర డైక్లోఫెనాక్ ఇంజెక్షన్లు వేయించుకున్నారా అని అడగండి. కో-ట్రైమోక్సజోల్ వాడుతుంటే కిడ్నీ దెబ్బతినకపోయినా క్రియాటినిన్ పెరుగుతుంది. జ్వరం, విరేచనాలతో వచ్చినవాళ్ళ పేరు రాసుకుని, తగ్గిన రెండు వారాలకి తీయండి. వాళ్ళని జాబితాలోంచి కొట్టేయకండి, వాయిదా మాత్రమే వేయండి. గర్భిణులకి ఈ సూత్రం వర్తించదు, వాళ్ళని మొదటే పక్కన పెట్టాలి.

తప్పు రెండో వైపూ జరుగుతుంది. కండ తక్కువగా ఉన్న మనిషిలో, అంటే బక్కచిక్కిన ముసలివాళ్ళలో, క్రియాటినిన్ తక్కువగానే తయారవుతుంది. ఈజీఎఫ్‌ఆర్ ఉన్నదానికంటే మెరుగ్గా కనిపిస్తుంది. 40 కిలోల అవ్వకి 75 వచ్చిందని నిశ్చింతగా ఉండకండి. డబ్బు ఉంటే అలాంటి కొద్దిమందికి సిస్టాటిన్-సి (కండ మీద అంతగా ఆధారపడని ఇంకో రక్తపరీక్ష) చేయించండి.

మూత్రం లేకుండా సగం లెక్కే

ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువైనా, ఏసీఆర్ గ్రాముకి 30 మిల్లీగ్రాములు, ఆపైన ఉన్నా, ఏదో ఒకటి మూడు నెలలకి పైగా నిలిస్తే సీకేడీ. మొదటి రెండు దశలు క్రియాటినిన్‌లో కనిపించవు. మన దేశంలో సీక్ (SEEK) అనే కిడ్నీ జబ్బు అధ్యయనం 2013లో ప్రచురించిన లెక్కలో 5588 మందిలో 17.2 శాతం అని వచ్చింది. అందులో మూడో దశ, ఆపైన కలిపితే 6 శాతం దగ్గరే. మిగతా 11 శాతం మొదటి రెండు దశలదే. మీరు మూత్రం చేయకుండా ఆ 17తో పోల్చుకుంటే అర్థం లేదు. పైగా అది ఒక్కసారి పరీక్షతో కట్టిన లెక్క.

పొద్దున లేవగానే పోసే మూత్రం మంచిది. ముందురోజే డబ్బా ఇచ్చి పంపండి. నెలసరిలో ఉన్నా, మూత్రంలో మంట ఉన్నా, జ్వరం ఉన్నా ఆగండి. అదేరోజు పరీక్ష కుదరకపోతే ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య ఉంచండి, ఫ్రీజర్‌లో వద్దు. డిప్‌స్టిక్‌తో (మూత్రంలో ముంచి చూసే పట్టీతో) సరిపెట్టకండి: నీళ్ళు బాగా తాగి వచ్చినవాడిలో అది తప్పిపోతుంది, చిక్కటి మూత్రంలో ఊరికే 1+ చూపిస్తుంది.

ఉత్తరాంధ్ర వాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో మూత్రం ఒక్కటే చూసి వడపోస్తే జబ్బు చేజారుతుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఉన్న కారణం తెలియని జబ్బులో కిడ్నీ గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న కణజాలం దెబ్బతింటాయి. అల్బుమిన్ తక్కువగా పోతుంది, ఒక్కోసారి అసలు పోదు. చాలామందికి షుగరూ ఉండదు, బీపీ కూడా మొదట్లో ఉండదు. "షుగర్, బీపీ ఉన్నవాళ్ళకే చేద్దాం" అనుకుంటే అక్కడ సరిగ్గా జబ్బు ఉన్నవాళ్ళనే వదిలేస్తాం. ఆ ప్రాంతంలో 2019లో ప్రచురించిన సర్వేలో 18 శాతం దగ్గర వచ్చింది. మీ పీహెచ్‌సీ ఆ మండలాల్లో లేకపోతే ఆ అంకెని మీ అంచనాకి ఆధారం చేసుకోకండి.

90 రోజుల తర్వాత

అందరూ ఎగ్గొట్టేది ఇదే. మొదటిసారి గీత దాటినవాళ్ళలో కొంతమంది రెండోసారి దాటరు. ఏసీఆర్ అయితే రోజురోజుకీ మారుతుంది. ఒక్క పరీక్షతో రాసిన శాతం ఎప్పుడూ ఎక్కువగానే వస్తుంది.

జాబితా దారిలో 450 మందికి చేశారనుకోండి. 68 మందిలో తేడా కనిపించింది. మూడు నెలలకి 56 మంది మళ్ళీ వచ్చారు, 42 మందికి నిలిచింది. 12 మంది రాలేదు. కూలికి వలసపోయారు, లేదా "బానే ఉన్నాం కదా" అనుకున్నారు. ఆ 12 మందిని ఏం చేయాలి? అందర్నీ ఆరోగ్యవంతులు అనుకుంటే 42 బై 450, 9.3 శాతం. అందరికీ జబ్బు అనుకుంటే 54 బై 450, 12 శాతం. వచ్చినవాళ్ళలో నాలుగింట మూడొంతులకి నిలిచింది కాబట్టి 12 మందిలో 9 మందికి ఉంటుందనుకుంటే 51 బై 450, 11.3 శాతం. మూడూ రాయండి. 11.3కి 95 శాతం నమ్మకపు పరిధి విల్సన్ పద్ధతిలో (శాతాలకి పరిధి కట్టే గణాంక సూత్రం) 8.7 నుంచి 14.6. రానివాళ్ళ గురించి ఊహించాం కాబట్టి నిజంగా ఆ పరిధి ఇంకాస్త వెడల్పే.

ఎంతమంది కావాలన్నది త్వరగా చెప్పేస్తాను. 12 శాతం ఉండొచ్చని అంచనా వేసి, అటూ ఇటూ 3 శాతం తేడా చాలనుకుంటే 451 మంది. 15 శాతం మంది రారని కలిపితే 531. లైన్ దారి అయితే బరువుల వల్ల ఇది చాలదు. అటూ ఇటూ 4 శాతానికి ఒప్పుకుంటే 500 మందితో సరిపోతుంది. రోజుకి 10 మంది చొప్పున 50 పనిదినాలు. నాలుగైదు పీహెచ్‌సీలు కలిసి చేస్తే ఒక్కో పీహెచ్‌సీ వాళ్ళు ఒకరికొకరు పోలి ఉంటారు కాబట్టి సంఖ్య రెట్టింపుకి దగ్గరవుతుంది. అప్పుడు జిల్లా మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ వాళ్ళని మొదటే కలుపుకోండి.

చివరి పట్టికలో వయసు వారీగా విడదీయండి: 18–39, 40–59, 60 ఆపైన. 65 దాటినవాళ్ళలో ఈజీఎఫ్‌ఆర్ 45–59 ఉండి అల్బుమిన్ మామూలుగా ఉన్నవాళ్ళని వేరే వరుసలో చూపించండి. నిర్వచనం ప్రకారం వాళ్ళది సీకేడీయే, కానీ చాలామందికి అది డయాలసిస్ దాకా పోదు. వాళ్ళనీ, 35 ఏళ్ళకే 50కి పడిపోయిన రైతునీ ఒకే అంకెలో కలిపేస్తే జిల్లా అధికారికి ఏమీ అర్థంకాదు. పక్క పీహెచ్‌సీతో పోల్చేముందు ఇద్దరూ ఒకే వయసు నిష్పత్తికి సర్దుబాటు చేసుకోవాలి. పింఛను వయసువాళ్ళు ఎక్కువగా ఉన్న ఊరి శాతం ఎప్పుడూ ఎక్కువే కనిపిస్తుంది.

ఇక మీ దగ్గరున్న 640 ఫలితాల సంగతి. శాతం కట్టడానికి అవి పనికిరావు కానీ మనుషుల్ని వెతకడానికి బంగారంలా పనికొస్తాయి. ఆ 148 మందికే కాదు, మొత్తం 640 మందికీ వయసు వేసి ఈజీఎఫ్‌ఆర్ కట్టండి, ఒక సాయంత్రం పని. 30 కంటే తక్కువ వచ్చినవాళ్ళకి ఈ వారమే ఫోన్ చేయించండి. వాళ్ళ విషయంలో 90 రోజులు ఆగకూడదు. వారం లోపు క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చేసి, నొప్పి మాత్రలు ఆపించి, నెఫ్రాలజిస్ట్ దగ్గరికి పంపండి. 30–59 మధ్య ఉన్నవాళ్ళకి ఏసీఆర్ రాయండి. మొదటి పరీక్ష జరిగి మూడు నెలలు దాటి ఉంటే, ఇప్పుడు తీసే రక్తమే వాళ్ళకి రెండో పరీక్ష అవుతుంది.